చెంపకు నచ్చిన మేజోడు

‘మేజోళ్లు అల్లడంలో ఆనందం కావాలా? ముందు మీ మనసు దోచే ఊలు కొనుక్కోండి.’ అమెరికా, ఇంగ్లండుల్లో చేతి అల్లిక మొదలుపెట్టినవాళ్లకు తరచూ దొరికే ఉచిత సలహా ఇది. కంటికి ఏది నచ్చిందో, వేళ్లకు ఏది హాయో అన్నీ కనుక్కుంటారు. తొడుక్కోబోయే పాదం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఊలు దుకాణంలో ఎంపిక తంతు చూసి తీరాల్సిందే. చేత్తో రంగులద్దిన చిలప ఒకటి తీస్తారు. చెంపకు ఆనిస్తారు. కళ్లు అరమోడ్చి ‘అబ్బ, ఎంత మెత్తగా ఉందో!’ అంటారు. మేజోడు చెంపకు తొడుక్కునేదైతే ఈ పరీక్షకు తిరుగే లేదు. వంద గ్రాముల చిలప, ఇంచుమించు 400 మీటర్ల దారం, ధర 30 డాలర్లకు అటూ ఇటూ. వచ్చేది ఒక్క జత.

ఆ మెత్తదనం సంగతీ చూద్దాం. మెరినో గొర్రె ఉన్ని పోగు సన్నం. అందుకే మెత్తన, అందుకే తొందరగా అరుగుతుంది. వాషింగ్ మెషిన్లో ముడుచుకుపోకుండా పోగు మీది పొలుసులను క్లోరిన్‌తో అణిచి, పైన రెసిన్ పూత పూస్తారు. ఇదే సూపర్‌వాష్. ముడుచుకోవడం ఆగుతుంది, సాగడం మొదలవుతుంది. అరుగుదలకు విరుగుడుగా నూటికి పాతిక పాళ్లు నైలాన్ కలుపుతారు. అంతటితో ఆగినా బాగుండు. ఇంకా సుకుమారం కావాలని నైలాన్‌ను పదికి దించి, పది పాళ్లు కష్మీర్ మేక ఉన్ని దూరుస్తారు. మెడకు చుట్టుకోవాల్సిన సొత్తును బూటులో మడమ కింద వేసి తొక్కి, చిల్లు పడగానే బెంగ పెట్టుకుంటారు.

ఇక నమూనా. ఊలే చుక్కలు, మరకలతో జాతర చేస్తుంటే, దానిమీద లేసు ఆకులు, మెలికల తీగలు కావాలి! రెండుంపావు మిల్లీమీటర్ల పుల్లల మీద 64 కుట్లు, పక్కన చార్టు, ప్రతి వరసకూ లెక్క. తీరా అల్లాక ఆ ఆకు ఏ చుక్క వెనక దాక్కుందో అల్లినవాళ్లకే దొరకదు.

ఈ ఆనందమంతా మొదటి మేజోడుతోనే హరించుకుపోతుంది. రెండోది మొదలుపెట్టబుద్ధి కాదు. దీనికి ‘రెండో మేజోడు రోగం’ అని వాళ్లే ముద్దుపేరు పెట్టుకున్నారు. మందు? ఇంకో చిలప కొనడం! బీరువాలో పోగైన ఊలు తమ ఆయుష్షుకు మించిందని గర్వంగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో రెడ్‌క్రాస్ పిలుపు అందుకుని సైనికులకు మేజోళ్లు అల్లిన ఆడవాళ్లను ఏ రంగు ఇష్టమని ఎవరూ అడగలేదు. వాళ్ల బెంగంతా కందకాల బురదలో తడిసే పాదాల గురించే. ఆనాటి బ్రిటన్ యుద్ధమంత్రి కిచనర్ పేరుతో పిలిచే అతుకు ఇప్పటికీ మేజోడు కొసన వేస్తారు, వేళ్లకు కుట్టు ఒరుసుకోకూడదని. ఆలోచన పాదం దగ్గర మొదలైతే పనితనం ఇలా ఉంటుంది.

‘నా డబ్బు, నా సరదా, నీకేం నొప్పి?’ అంటారా? నాకేం లేదు, నొప్పల్లా మడమకే. ఆ ఖరీదైన చిలపతో నిక్షేపంగా శాలువా అల్లుకోండి. మేజోళ్లకు మాత్రం ఒపల్, రెజియా లాంటి జర్మన్ ఊలు చాలు. పాతిక పాళ్ల నైలాన్‌తో గట్టిగా ఉంటుంది. చారలు వాటంతటవే పడతాయి కనుక సాదా అల్లికే సరిపోతుంది, తర్వాతి చార చూద్దామని చెయ్యి ఆగదు. ఇందులో ఆనందమేముందంటారా? రెండో మేజోడు పూర్తవుతుంది.