ఖాళీ ఉయ్యాల ఖరీదు

కొనేవాడు ఒకడు, వాడేవాడు ఇంకొకడు అయిన వస్తువులన్నిటికీ ఒక లక్షణం ఉంది: వాడేవాడికి అక్కర్లేని హంగులన్నీ వాటికి ఉంటాయి. పసిబిడ్డ ఉయ్యాల ఈ జాతిలో అగ్రగణ్యం. అందులో పడుకోబోయే మనిషి బరువు సుమారు మూడు కిలోలు. జానెడు దూరం దాటితే ఆ కళ్లకు లోకమంతా మసక. రంగుల గురించీ చెక్కడాల గురించీ అభిప్రాయాలింకా ఏర్పడలేదు. అయినా దుకాణంవాడు గులాబీయా నీలమా, ఏనుగులా నెమళ్లా, టేకా రోజ్‌వుడ్డా అని అడుగుతాడు. అడిగేది బిడ్డను కాదు, పక్కన నిలబడ్డ తాతగారిని. తాతగారికి అభిప్రాయాలు పుష్కలం. ఆయన పేరు బంధువుల్లో నిలవాలంటే ఉయ్యాల కనీసం నలుగురు మోస్తేగానీ లేవకూడదు. ఈ బేరం మధ్యలో ‘భద్రత’ అనే మాట వినబడగానే ధర ఇంకొంచెం పెరుగుతుంది. ‘పొదుపు’ అనే మాట వినబడితే నానమ్మ ముఖం చిన్నబోతుంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి సవతులని అందరూ ఒప్పేసుకున్నారు. నా వాదనల్లా అవి సవతులు కావు, కవలలని. శిశువైద్యులూ ప్రభుత్వాలూ చెప్పిన జాగ్రత్తలన్నీ వరసపెట్టి చదివితే, ఉయ్యాలలో ఏమేం ఉండాలన్న జాబితా రెండు ముక్కల్లో అయిపోతుంది. ఏమేం ఉండకూడదన్న జాబితాకే పేజీలు చాలవు. డబ్బుపోసి కొనేవాటిలో చాలా వరకూ ఆ రెండో జాబితాలోవే.

సాక్ష్యాల కోసం ముందుగా అమెరికా వెళ్దాం. అక్కడ క్రిబ్బు, అంటే పసిపిల్లల కమ్మీల తొట్టి గురించి చట్టం చాలా మాట్లాడింది. పైగా కూతురి పురిటికని సందర్శకుల వీసా మీద డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే మన అమ్మమ్మలకు అసలు విదేశం ఎదురయ్యేది విమానాశ్రయంలో కాదు, ఆ క్రిబ్బు దగ్గరే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట సూటిగా ఉంటుంది. గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దానికి బిగుతుగా తొడిగిన పక్కగుడ్డ, దానిమీద వెల్లకిలా పడుకున్న బిడ్డ, అంతే. దిండు వద్దు, బొంత వద్దు, బొమ్మ వద్దు, చుట్టూ మెత్తలు వద్దు. అమ్మమ్మ కంటికి ఇది పడక కాదు, జైలు గది. మార్కెట్టు కూడా అమ్మమ్మ పక్షమే. కమ్మీలకు తల తగలకుండా చుట్టూ కట్టే ‘బంపర్’ మెత్తలు ఏళ్ల తరబడి భద్రత పేరు చెప్పుకునే అమ్ముడుపోయాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. వాటికి ముఖం ఆనుకుని పిల్లలకు ఊపిరాడని ఘటనలు పోగుపడ్డాక, 2022లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి వాటి అమ్మకాన్నే నిషేధించింది. డబ్బిచ్చి కొని, ముడులు వేసి కట్టిన భద్రత అలా విప్పి పారేయాల్సిన ప్రమాదంగా తేలింది. పిసినారితనం వల్ల మొదట్లోనే కొననివాళ్లకు మాత్రం డబ్బూ మిగిలింది, చట్టాన్ని ముందుగానే పాటించిన ఘనతా దక్కింది.

‘అది సరే, ఖరీదైనది ఎంతైనా ఖరీదైనదే కదా’ అంటారు. ఈ నమ్మకానికి 2011 జూన్ 28న గట్టి దెబ్బ తగిలింది. అప్పటి నుంచి అక్కడ కొత్తగా అమ్మే ప్రతి క్రిబ్బూ, చవకదైనా ఖరీదుదైనా, ఒకే పరీక్ష రాసి పాసవ్వాలి. కమ్మీకీ కమ్మీకీ మధ్య సందు సుమారు 6 సెంటీమీటర్లు మించకూడదు. కూల్‌డ్రింకు డబ్బా ఆ సందులో దూరిందంటే క్రిబ్బు ఫెయిలన్నట్టే. యూరప్‌వాళ్ల ప్రమాణం 45 నుంచి 65 మిల్లీమీటర్లు. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకు మించి జాగా ఉంటే పరుపు చిన్నదని అర్థం. తల్లికి నడుము వంచే శ్రమ తప్పించడానికి ఒక పక్క కిందికి జారేలా చేసిన ‘డ్రాప్ సైడ్’ రకం ముప్ఫై మందికి పైగా పిల్లల ప్రాణాలు తీసిందని తేలాక ఆ తేదీ నుంచే బజారులో లేకుండా పోయింది. ఈ పరీక్షలో టేకుకు గ్రేసు మార్కులు లేవు, చెక్కిన నెమలికి డిస్టింక్షన్ లేదు. పాసైన చవకదీ పాసైన ఖరీదుదీ బిడ్డకు ఒక్కటే. పైన పెట్టిన ప్రతి డాలరూ డ్రాయింగురూముకు పెట్టిందే. ముందు క్రిబ్బుగా, తర్వాత చిన్న మంచంగా, ఆ తర్వాత పెద్ద మంచంగా మారతానని మాటిచ్చే ‘కన్వర్టబుల్’ రకం ఇంకో తమాషా. మెడ నిలపడం రాని మనిషికి ఇంటర్మీడియట్ చదివేనాటి పడకను ఇప్పుడే కొనిపెట్టడమన్నమాట. ఆ మార్పుకు కావలసిన సామాను చాలాసార్లు విడిగా కొనాలన్న సంగతి పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

తెలివైన కొత్త వస్తువుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2009లో ఫిషర్ ప్రైస్ సంస్థ ‘రాక్ ఎన్ ప్లే’ అనే ఏటవాలు పడకను బజారులోకి తెచ్చింది. అలిసిన తల్లిదండ్రులు దాన్ని దేవుడి వరంగా భావించారు. అందులో నిద్రపోయిన పిల్లల మరణాలు బయటపడ్డాక 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల పడకల్ని వెనక్కి పిలిచారు. బంపర్లను నిషేధించిన 2022 చట్టమే 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకల్నీ నిషేధించింది. ఇంకో చివర ‘స్నూ’ అనే మరబొమ్మ ఉయ్యాల ఉంది. ధర దాదాపు 1,700 డాలర్లు. బిడ్డ ఏడిస్తే అదే విని అదే ఊపుతుంది. దానికి 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా దొరికింది. ఏ పనికంటే, బిడ్డను వెల్లకిలా ఉంచే పనికి. ఆ పని చేయడానికి మనకు రెండు చేతులున్నాయి, వాటికి చార్జింగు అక్కర్లేదు. ఇక పసిపిల్లల నిద్ర చరిత్రలోకెల్లా గొప్ప విజయం చూడండి. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టవద్దని 1992లో ఆ అమెరికన్ శిశువైద్యుల అకాడమీయే చెప్పింది. 1994లో ‘బ్యాక్ టు స్లీప్’ పేరుతో దేశమంతా ప్రచారం జరిగింది. సుమారు పదేళ్లలో కారణం తెలియని ఆకస్మిక శిశుమరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. అంత పెద్ద ఫలితమిచ్చిన ఉపాయానికి స్క్రూ లేదు, బ్యాటరీ లేదు, వాయిదాల పద్ధతి లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టడమే.

చవకతనానికి ఇంతకంటే సర్కారీ సాక్ష్యం కావాలంటే ఫిన్లాండ్ ఉంది. 1938లో అక్కడి ప్రభుత్వం పేద తల్లులకు బట్టలూ పక్కా సర్దిన అట్టపెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుంచి అందరికీ ఇచ్చింది. లోపలి సామాను తీసేసి అడుగున ఉన్న చిన్న పరుపు మీద బిడ్డను పడుకోబెట్టుకోవచ్చు. ఆ తర్వాత అక్కడ శిశుమరణాలు బాగా తగ్గాయి. అట్టకు ఏ మహిమా లేదు. పెట్టె కావాలంటే నాలుగో నెల నిండకుండా గర్భిణి క్లినిక్‌కు వెళ్లి పరీక్ష చేయించుకోవాలన్న షరతులో ఉంది మహిమ. నా వాదనకు అదే కావాలి. ప్రాణం కాపాడింది వైద్యం, పడకకు చదునుగా ఉంటే చాలు. మన తాతగార్లు అట్టపెట్టెకు ఒప్పుకోరనీ, అందులో బారసాల చేస్తే చుట్టాలు మూడు తరాలు చెప్పుకుంటారనీ నాకు తెలుసు కాబట్టి దీన్ని సాక్ష్యంగా చూపుతున్నానే తప్ప సిఫార్సు చేయడం లేదు.

ఇప్పుడు ఆక్షేపణలు. అన్నిటిలోకీ బరువైనది వంటింటి గుమ్మంలోంచి వస్తుంది: ‘మేమంతా చీర ఉయ్యాల్లో పెరిగినవాళ్లమే కదర్రా, మాకేమైంది?’ ఈ ప్రశ్నను గెలవడం కష్టం. ఎందుకంటే అడగడానికి మిగిలినవాళ్లంతా ఏమీ కానివాళ్లే. ఏమైనా అయినవాళ్లు వాదనకు రాలేరు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. ఈ ఘనత టీకాలది, ఆసుపత్రి కాన్పులది, మంచినీళ్లది. చీర ఉయ్యాలను బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. ఆ కాలం ఏ వస్తువుకూ యోగ్యతాపత్రం ఇవ్వగల కాలం కాదని మాత్రమే అంటున్నాను. నిజానికి చీర ఉయ్యాల నా వాదనకు చుట్టమే: ఖర్చు లేదు, హంగు లేదు. కానీ అందులో బిడ్డను కాపాడింది చీర కాదు, పక్కనే బియ్యం ఏరుకుంటూ తాడు లాగిన నాయనమ్మ. చీరలో బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, గుడ్డ ముఖం మీదికి వస్తుంది. పట్టుకుని ఆడుకునే పెద్దపిల్లల మెడకు చీర మెలిపడ్డ దుర్ఘటనలు ఇప్పటికీ పత్రికల్లో కనబడుతూనే ఉన్నాయి. నాయనమ్మ ఉన్న ఇంట్లో పగటిపూట, ఆమె కళ్లెదుట అది ఊగితే ఊగనివ్వండి. నాయనమ్మ ఊళ్లో ఉండి, ఉయ్యాల మాత్రం ఫ్లాటులో ఫ్యాను పక్క కొక్కేనికి రాత్రంతా వేలాడటం సంప్రదాయం కాదు. సంప్రదాయంలో ముఖ్యమైన భాగాన్ని ఊళ్లోనే వదిలేసి, చీర ఒక్కటీ తెచ్చుకోవడం.

రెండో ఆక్షేపణ సౌకర్యం గురించి. తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు ఉండాలంటారు, ఒళ్లు నొప్పులు పుట్టకుండా బూరుగుదూది పరుపు కావాలంటారు, జలుబు చేయకుండా టోపీ, మేజోళ్లు, పైన బొంత ఉండాలంటారు. విజయవాడలో మే నెలలో, పెద్దవాళ్లు బనియన్లు కూడా భరించలేని పూట, ఊలు టోపీ పెట్టుకుని చెమటలు కక్కే ఏకైక పౌరుడు పసివాడే. ఒళ్లు అతిగా వేడెక్కడం కూడా నిద్రలో ప్రమాదమేనని వైద్యులంటారు. పెద్దవాళ్లకు సుఖంగా ఉన్న మెత్తదనమే బిడ్డ ముఖం కూరుకుపోయే గుంట అవుతుంది. పరుపు మీద తల ఉన్నచోట గుంట నిలిచిపోతే అది పసివాళ్ల పరుపు కాదు. ఇక తల ఆకారమంటారా, మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి, పడుకోబెట్టేటప్పుడు తల దిశ మారుస్తూ ఉండండి. చాలామందికి అది చాలు. ఆవాలు పోపుకు మిగులుతాయి. దోమల సంగతి మాత్రం నిజమైన సంగతే. అందుకు తెర కావాలి, బయట నుంచి బిగుతుగా కట్టిన తెర. ఈ మొత్తం జాబితాలో నేను సంతోషంగా డబ్బు పెట్టమనే అదనపు వస్తువు అదొక్కటే.

మూడోది శకునం. పుట్టకముందే ఉయ్యాల కొనకూడదు, ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్విన జాతి మనది. ఆ జాగ్రత్తను నేను ఎగతాళి చేయను. దాని ఫలితం మాత్రం చూడండి: బారసాల రేపనగా నిద్రలేని తండ్రిని బజారుకు తోలుతారు. దుకాణదారుకు అంతకంటే మంచి గిరాకీ దొరకదు. బొమ్మలకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయ్యాక గిలక్కాయను తిరగేసి గుర్తు వెతికే మనం, తొట్టెల దగ్గరికొచ్చేసరికి కర్రను వేలి కణుపుతో టకటక కొట్టి తల ఊపేస్తాం. శకునం కొనడానికే అడ్డు, కొలవడానికి కాదు. ఏడో నెలలోనే టేపు పట్టుకెళ్లి సందులు కొలిచి, పరుపు నొక్కి, బిగింపులు కదిపి చూసి, ధర రాసుకుని వచ్చేయండి. బిడ్డ పుట్టాక ఫోను చేస్తే బండి మీద వస్తుంది. అటక మీది వంశపారంపర్యపు ఉయ్యాల ఉందిగా అన్నవాళ్లకూ టేపే సమాధానం. దానితోపాటు రంగు విషయం. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచి. పళ్లు వస్తున్న బిడ్డ మొదట రుచిచూసేది ఉయ్యాల అంచునే. ముత్తాతగారి ఆశీస్సులు అందాలి గానీ, ఆయన కాలపు పెయింటు అందకూడదు.

చివరి ఆక్షేపణకు నా దగ్గర ఎదురు లేదు: ఏ ఉయ్యాల తెచ్చినా బిడ్డ అందులో పడుకోదు, ఒడిలోనే పడుకుంటుంది. మూడో నెల వచ్చేసరికి క్రిబ్బులో మడతపెట్టని బట్టలు హాయిగా నిద్రపోతుంటాయి. నిజమే. కానీ ఈ ఆక్షేపణ నాకు శత్రువు కాదు, సాక్షి. బట్టల బుట్టగా మారే అవకాశం అంతగా ఉన్న వస్తువుకు ఎవరైనా అన్ని వేలు పోస్తారా? అయితే ఒడి గురించి ఒక్క మాట. బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకుతీయడం నిద్రపోయే పద్ధతులన్నిటిలోకీ ప్రమాదకరమైనవాటిలో ఒకటని వైద్యులు గట్టిగా చెబుతారు. అందుకే కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే, చేయి చాపితే అందే దూరంలో, బిడ్డకు విడిగా ఒక పక్క ఉండాలి. అది చదునుగా, గట్టిగా, సందులు సరిగా, ఖాళీగా ఉంటే చాలు. అలాంటిది కొన్నాక తాతగారి బడ్జెట్టులో చెప్పుకోదగ్గ మొత్తం మిగులుతుంది. దానితో పగలు నాలుగు గంటలు బిడ్డను చూసుకునే మనిషిని పెట్టండి. పక్క ఖాళీగా ఉందో లేదో అర్ధరాత్రి చూసుకునే మెలకువ తల్లిదండ్రులకు ఉండాలంటే వాళ్లు ముందు నిద్రపోవాలి. ఆ నిద్రను మాత్రం ఇంతవరకూ ఏ దుకాణమూ ఉయ్యాలతో పాటు ఉచితంగా ఇవ్వడం లేదు.