మూడుకాళ్ల బాబాయి

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి సామెతలోనే ఉంటాడనుకునేవాణ్ణి. కాదు, మా క్రోంపేట అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటాడు. రిటైరయ్యాడు. ఇలాంటి బాబాయి లేని కాంప్లెక్సు చెన్నైలో ఉండదు. వైరు ఎక్కడ తెగిందో ఎలక్ట్రీషియన్‌కి, రసంలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో పక్కింటి మామికి చెప్పేది ఈయనే. మావాడి ప్రత్యేకత ఒక్కటే: నిజంగానే కుందేళ్లు పెంచుతాడు.

పల్లావరం శుక్రవారం సంతకి పాత టేబుల్ ఫ్యాను కొంటానని వెళ్లి, చెప్పుల పెట్టెలో రెండు కుందేలు పిల్లలతో తిరిగొచ్చాడు. "రెండుమే పొణ్ణుదాన్ సార్" అన్నాట్ట అమ్మినవాడు. బాబాయి కూడా తిరగేసి చూసి రెండూ ఆడవేనని ఖాయం చేశాడు. అంత చిన్న పిల్లల్లో ఆడో మగో తేల్చడం తెలిసినవాళ్లకే కష్టం. మగదాని వృషణాలు మూడో నెల వస్తే గానీ దిగవు. దిగినా, బెదిరితే మళ్లీ లోపలికి దాచేసుకోగలదు. బాబాయికి అర నిమిషం చాలింది. సీత, గీత అని పేర్లు పెట్టాడు.

అయిదో నెలలో గీత అందరి కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ మూలమూలకీ మూత్రం చిమ్మసాగింది. "వేడి చేసింది" అన్నాడు బాబాయి. గీత సీత మీదకెక్కితే "అక్కచెల్లెళ్ల ఆట" అన్నాడు. సీత తన మెడకింది బొచ్చు పీక్కుని అట్టపెట్టెలో పరుచుకుంటే "అగ్నినక్షత్రం ఎండలు కదా, స్వెటరు విప్పుతోంది" అన్నాడు.

మర్నాడు ఆ స్వెటర్లో ఆరు పిల్లలు.

గీత ఆ పూటే గీతాచార్యుడైపోయాడు. తప్పు మాత్రం సంతవాడిది. పిన్నిగారు మాట్లాడకుండా బకెట్లు బయటపెట్టి, గీతాచార్యుణ్ణి బాత్రూముకి బదిలీ చేశారు. ఆ కుందేళ్లకి జరిగిన మొదటి కుటుంబ నియంత్రణ చర్య అదే. కుందేలు నెల తిరిగేసరికి ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. ఫిబొనాచ్చి 1202లో ఒక్క జంటతో లెక్క మొదలెట్టి ఏడాది తిరిగేసరికి 377 జంటలు తేల్చాడు. అది కాగితం మీది లెక్క. ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ 1859లో వేట సరదాకి ఓ రెండు డజన్లు తెప్పించి వదిలితే, వాటి సంతతిని ఆపడానికి పడమటి రాష్ట్రం 1907 కల్లా 3,000 కిలోమీటర్ల పైచిలుకు కంచె కట్టుకోవాల్సి వచ్చింది. మా అసోసియేషన్‌కి అంత ఫండు లేదు.

ఆరింటినీ ఆరిళ్లకి అంటగట్టాక బాబాయి తీర్మానించాడు: "సీతకి ఆపరేషన్ చేయించేద్దాం." వేపేరీలో వెటర్నరీ కాలేజీ 1903లో మొదలైంది, దానికి తాను నేర్పాల్సింది ఇంకా మిగిలుందన్న నమ్మకంతో బయల్దేరాడు.

"ఆడదానికైతే పొట్ట కొయ్యాలి సార్" అంది డాక్టరమ్మ. "అదీ చేయించాల్సిందే, లేకపోతే వయసు మీద పడ్డాక గర్భసంచిలో క్యాన్సర్ భయం. కానీ ముందు మగదానికి కానివ్వండి. కోత చిన్నది, త్వరగా కోలుకుంటుంది."

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పాపం, మగప్రాణం!" అంటూ ఇంటికొచ్చేశాడు. రెండ్రోజులు అన్నం సయించలేదు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మ లేని గోడ ఎరగని కాలం మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. మూడో రోజు పిన్నిగారు చాటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే అడిగారు: "ముప్పై ఎనిమిదేళ్ల కింద నన్ను కోయించినప్పుడు ఈ పాపం ఎక్కడికి పోయింది?"

గీతాచార్యుడి ఆపరేషన్‌కి ఆ సాయంత్రమే తేదీ ఖాయమైంది.

ముందురోజు రాత్రి నుంచి బాబాయి వాడి చేత నిర్జల ఏకాదశి చేయించాడు. "మనుషులకీ అంతేగా!" డాక్టరమ్మ తల పట్టుకుంది. కుందేలు వాంతి చేసుకోలేదు గనక దానికి పస్తు అక్కర్లేదు. పైగా కడుపు ఖాళీ అయి పేగుల్లో కదలిక ఆగితే ప్రాణానికే ముప్పు. గడ్డి తినిపించాకే కత్తి పట్టింది. మెలకువొచ్చాక కూడా మేత ముట్టాలి, గోలీల్లా పెంటికలు పడాలి, పడకపోతే వెంటనే తీసుకురావాలి అని చెప్పి పంపింది. ఆ రాత్రి బాబాయి పడుకోలేదు. తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "పదకొండు పడ్డాయి." గడ్డి కట్టతో నేను వెళ్లేసరికి బాత్రూము గడపలో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ పన్నెండోదాని కోసం చూస్తున్నాడు.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. లోపల మిగిలిన బీజం కొన్నాళ్లు పనిచేస్తుంది, ఆరు వారాలు రెండింటినీ కలపొద్దని. పిన్నిగారు కూతురింటికి తాంబరం వెళ్లిన రోజున బాబాయి బాత్రూము తలుపు తీశాడు. "ఫ్యూజు పీకేశాక లైటెలా వెలుగుతుందోయ్?" అన్నాడు నాతో.

ముప్పై ఒకటో రోజున వెలిగింది. అయిదు.

చూద్దామని వెళ్లాను. ఒకదాన్ని అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, అర నిమిషం పరీక్షగా చూశాడు.

"అయిదూ ఆడవే" అన్నాడు.

పిన్నిగారు ఏమీ అనలేదు. వెళ్లి బాత్రూములోంచి బకెట్లు బయటపెట్టడం మొదలెట్టారు.