లక్షా పదివేల బుడగ

గుడారమంటే ఎలా ఉండాలండీ? గాలొస్తే కొట్టుకోవాలి, మంచు కురిస్తే చెమ్మగిల్లాలి, పక్క డేరాలో గురక మనకి వినపడాలి. 2025 మహాకుంభమేళాకి ప్రయాగరాజ్‌లో అరైల్ వైపు కట్టిన ‘డోమ్ సిటీ’లో ఇవేం లేవు. నేలకి 15 అడుగుల పైన నిలబెట్టిన పాలీకార్బనేట్ బుడగలవి. మంచంమీంచి కదలకుండా చుట్టూ చూడొచ్చట. స్నానపర్వాల రోజుల్లో రాత్రికి అద్దె 1,10,000 రూపాయలని పేపర్లో రాశారు. మామూలు రోజుల్లో చవకేలెండి, 81,000! మా పెద్దమ్మాయి పెళ్లికి అంత కాలేదు.

మా రోజుల్లో, అంటే 1989 కుంభమేళాకి వెళ్లినప్పుడు, అక్కడి తీర్థ పురోహితుడు పండాగారి డేరాలో దిగాం. ఇసుక మీద ఎండుగడ్డి, గడ్డి మీద జంపఖానా, అంతే పడక. తెల్లవారుజామున డేరా గుడ్డ లోపలివైపు చెమ్మ బొట్లు కట్టేది. ఎవరైనా లేచి తల తగిలించారా, అందరి మెడల మీదా టపటపా రాలేవి. మా అత్తగారు చలికాగలేక ఆ గడ్డి పక్కనే కుంపటి పెడతానంటే పండాగారు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. చిరునామా అంటారా? వెదురు బొంగుకి కట్టిన జెండా, దాని మీద చేప బొమ్మ. పీపాల వంతెన దగ్గర మా పిన్ని తప్పిపోయింది. మైకువాడు ఆవిడ పేరుని ఎంత ఖూనీ చేశాడంటే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆ మైకు కిందే కూర్చుంది!

మరుగుదొడ్ల ఊసెత్తకండి. ఆ ఒక్క విషయంలో ఇప్పుడే నయం.

అసలు మేళా జరిగే ఆ చోటు వానాకాలంలో గంగ ముంచేసే నేల. నీరు తీశాక ఇనుప పలకలు పరిచి దారులు వేస్తారు, ఊరు కడతారు, మేళా అవగానే విప్పేస్తారు. పౌష్య పూర్ణిమ నుంచి మాఘ పూర్ణిమ దాకా నెల్లాళ్లు నియమంగా ఉండే కల్పవాసులు ఇప్పటికీ ఆ ఇసుక మీదే, గుడ్డ డేరాల్లోనే ఉంటారు. వాళ్లని పైనుంచి చూడ్డానికా లక్ష పోయడం? అంతదూరం పోయి గంగని పక్కమీంచి చూసేవాడు ఇంట్లో టీవీలో చూసుకోవచ్చు.

2027లో మన గోదావరికి పుష్కరాలు. 2015లో రాజమండ్రిలో యాత్రికులు ఉండటానికి పుష్కర నగర్లు వేశారు. అయ్యా అధికారులూ, ఈసారీ అవే వేయండి. బుడగల సంగతి తర్వాత. ముందు తాగే నీళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చాటు, వానకి తడవని షెడ్లు చూడండి. అద్దె మాత్రం అడక్కండి.