మోచెయ్యి

జెఫ్ గ్రిఫిన్ కుడిచెయ్యి ఎంత చాచినా తిన్నగా వచ్చేది కాదు. చిన్నప్పుడు తగిలిన దెబ్బకి మోచెయ్యి దగ్గర వంకర ఉండిపోయింది. ఆ చేత్తోనే ఫాస్ట్ బౌలరయ్యాడు.

దక్షిణాఫ్రికా దేశవాళీ మ్యాచుల్లోనే అతని బంతులకి అంపైర్లు త్రో అని నోబాల్ ఇచ్చారు. అది దాచిన సంగతేమీ కాదు. కానీ 1960లో ఇంగ్లండ్ వెళ్లే జట్టులో నీల్ ఆడ్‌కాక్‌కి జోడీగా కొత్త బంతి అందుకునేవాడు కావాలి. సెలెక్టర్లు గ్రిఫిన్ పేరు రాశారు. అప్పటికి అతనికి 20 ఏళ్లు.

వంకర చెయ్యి తప్పు కాదు. అప్పటి నిబంధన ప్రకారం, వంగిన చెయ్యి బంతి వదిలే ముందు తిన్నగా అయితే తప్పు. ఆ తేడా తేల్చాల్సింది స్క్వేర్‌లెగ్‌లో నిలబడ్డ అంపైర్ కన్ను. డిగ్రీలు కొలిచే యంత్రాలు అప్పుడు లేవు. చెయ్యి ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి, చూసేవాడికి అనుమానం కూడా ఎప్పుడూ ఉంటుంది.

మే నెలలో లార్డ్స్‌లో ఎంసీసీతో మ్యాచ్. గ్రిఫిన్‌కి త్రో నోబాల్ పడింది. ఇంగ్లండ్ పర్యటనకి వచ్చిన ఆటగాడికి అలా జరగడం అదే మొదలు. తర్వాత ట్రెంట్‌బ్రిడ్జ్‌లో నాటింగ్‌హామ్‌షైర్ మీద మళ్లీ పడింది. జట్టు పెద్దలు అతన్ని ఇంటికి పంపలేదు. లండన్‌లో ఆల్ఫ్ గోవర్ నడిపే క్రికెట్ బడికి పంపారు. గోవర్ ఒకప్పుడు ఇంగ్లండ్‌కి ఫాస్ట్ బౌలర్. చేతులు సరిదిద్దడంలో పేరున్నవాడు. కుర్రాడు బుద్ధిగా వెళ్లి సాధన చేశాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో తొలి టెస్టు ఆడితే ఒక్క త్రో నోబాల్ కూడా పడలేదు.

రెండో టెస్టు లార్డ్స్‌లో. అంపైర్లు ఫ్రాంక్ లీ, సిడ్ బుల్లర్.

ఇంగ్లండ్ బ్యాటింగ్. స్క్వేర్‌లెగ్ నుంచి లీ నోబాల్ అని చెయ్యి చాపాడు. మళ్లీ చాపాడు. ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి అలా 11 సార్లు. బుల్లర్ ఒక్కసారీ చాపలేదు.

అదే ఇన్నింగ్స్‌లో, రెండో రోజు, ఒక ఓవర్ ఆఖరి బంతికి మైక్ స్మిత్ 99 పరుగుల దగ్గర కీపర్ జాన్ వెయిట్‌కి చిక్కాడు. గ్రిఫిన్ తర్వాతి ఓవర్ మొదటి బంతికి పీటర్ వాకర్ బౌల్డ్. రెండో బంతికి ఫ్రెడ్ ట్రూమన్ బౌల్డ్. టెస్టుల్లో దక్షిణాఫ్రికా బౌలర్‌కి అది తొలి హ్యాట్రిక్. లార్డ్స్ టెస్టుల్లోనూ అదే తొలి హ్యాట్రిక్. ఆ మూడు బంతులకీ లీ చెయ్యి లేవలేదు.

ఇంగ్లండ్ 8 వికెట్లకి 362 పరుగుల దగ్గర డిక్లేర్ చేసింది. బ్రయన్ స్టాథమ్ 11 వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా ఇన్నింగ్స్ 73 పరుగుల తేడాతో ఓడింది. సోమవారం మధ్యాహ్నానికే టెస్టు ముగిసింది.

అక్కడొక చిక్కు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎలిజబెత్ రాణి మైదానానికి రావలసి ఉంది. వచ్చేసరికి చూడటానికి ఆట ఉండాలి. అప్పటికప్పుడు ఓ ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. ఇరవై ఓవర్ల ఆట. రికార్డుల్లోకి ఎక్కదు, గెలిచినా ఓడినా ఎవరికీ పట్టదు. జనం ఇంకా స్టాండ్లలోనే ఉన్నారు. అంపైర్లు వాళ్లిద్దరే.

కెప్టెన్ జాకీ మెక్‌గ్లూ గ్రిఫిన్‌కి బంతి ఇచ్చాడు.

ఈసారి స్క్వేర్‌లెగ్‌లో బుల్లర్. టెస్టులో ఒక్కసారీ చాపని చెయ్యి చాపాడు. వేసిన అయిదు బంతుల్లో నాలుగు నోబాల్స్. ఓవర్ సాగడమే తప్ప ముగిసే దారి కనపడలేదు. సరదా మ్యాచ్ గదా అని బుల్లర్ చూసీచూడనట్టు ఊరుకోలేదు. సరదా మ్యాచ్‌కి వేరే నిబంధనలేవీ లేవు మరి.

మెక్‌గ్లూ దగ్గరికొచ్చి మాట్లాడాడు. దారి ఒక్కటే ఉంది. చెయ్యి పైకెత్తితేనే గదా మోచేతి గొడవ. అండర్‌ఆర్మ్ వేస్తే సరి. అప్పటి నిబంధనల్లో దానికి అడ్డు లేదు. క్లబ్బు మైదానాల్లో పిల్లలకి వేసే బంతి. దాన్ని త్రో అనేవాడు ఎవడూ ఉండడు.

మూడు రోజుల కిందట ఇదే పిచ్ మీద హ్యాట్రిక్ తీసిన బౌలర్ చెయ్యి కిందికి దించాడు. వంగి, బంతిని మెల్లిగా నేలబారున వదిలాడు.

బుల్లర్ కదల్లేదు.

ఈ కొస వికెట్ల దగ్గర నిలబడ్డ లీ చెయ్యి చాపాడు. నోబాల్. బౌలింగ్ పద్ధతి మారుస్తున్నట్టు బ్యాట్స్‌మన్‌కి ముందుగా చెప్పలేదు.