చివరి బెంచీ పద్యానికి ‘పల్లెవెలుగు’ వ్యాఖ్య

మూలం

ఆ. పాసు చేతబట్టి బస్సు కొరకు నిల్చి
ఫీజు వచ్చునంచు పేర్మి దలచి
తరగతందు వెనుక దక్కిన బెంచీని
వదలకుండువాడె పట్టధారి

అవతారిక

ఈ ఆటవెలది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోని డిగ్రీ కళాశాలల్లో ఒకదాని చివరి బెంచీ మీద కంపాసు ముల్లుతో చెక్కి ఉన్నది. ఏ కళాశాలో చెప్పం. బెంచీ ప్రభుత్వ ఆస్తి, కవికేమో ఇంకా టీసీ తీసుకునే పని మిగిలి ఉన్నది. పద్యం పక్కన బాణం దిగిన గుండె బొమ్మ, రెండు పొడి అక్షరాలు కనబడతాయి గాని అవి ప్రక్షిప్తాలని పండితుల అభిప్రాయం. కవి బీఏ వాడనడానికి వేరే శాసనాధారం అక్కరలేదు. బీకాం కంప్యూటర్స్ వాడైతే ల్యాబులో ఫ్యాను కింద కూర్చునేవాడు. బీఎస్సీ వాడికి రికార్డులు రాసుకోవడానికే చేతులు చాలవు. గణాలు లెక్కపెట్టుకునే తీరిక చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడూ ఒకేసారి చదివేవాడికే ఉంటుంది.

కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. పాత లెక్కన మాకు పొరుగు జిల్లా. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. మొదటి నియమం మేమూ పాటిస్తాం. రెండోది పాటిస్తే ఏ పత్రికా ఈ వ్యాఖ్యను వేసుకోదు.

టీక

పాసు = ఆర్టీసీ వారి రూటు పాసు. పరీక్ష పాసు అని కూడా అర్థం తీయవచ్చు, కనుక శ్లేష. కాని ‘చేతబట్టి’ అన్నాడు. పరీక్ష పాసు చేతికి రావడానికి ఫలితాలు రావాలి, మెమో రావాలి, దానికి శాతవాహన విశ్వవిద్యాలయం కరుణించాలి. కాబట్టి ఇక్కడ బస్సు పాసే గ్రాహ్యం. ఈ మాట పుంలింగంలోనే చెల్లుతుందని నవీనులు అంటారు, అది సమంజసమే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడపిల్లలు ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ మీద పోతున్నారు. వాళ్లకు ఎక్స్‌ప్రెస్ కూడా చెల్లుతుంది, మగపిల్లల పాసుకు పల్లెవెలుగే గతి. తరగతిలో అమ్మాయిలు ముందు వచ్చి కూర్చుంటారనీ, అబ్బాయిలు రెండో పీరియడుకు దిగబడతారనీ విసుక్కునే అధ్యాపకులు ఈ సూక్ష్మం గ్రహించాలి.

బస్సు కొరకు నిల్చి = ఎక్కి అనలేదు, నిల్చి అన్నాడు. కవి సత్యవాది. కోరుట్ల బస్టాండులో పొద్దున ఎనిమిదిన్నరకు నిలబడి చూస్తే ఈ పదం దానంతట అదే బోధపడుతుంది. జాతీయ రహదారి 63 మీద మెట్‌పల్లి నుంచి వచ్చే బండి కోరుట్లకు చేరేసరికే మెట్ల దాకా నిండి ఉంటుంది. టిఫిన్ డబ్బా ఒకరిది, సంచి ఇంకొకరిది, భుజం ఎవరిదో. “పాసోళ్లు ఎనుకకు జరుగుండ్రి” అని కండక్టరు అరుస్తాడు. ఎనుక ఉన్నవాళ్లు ముందుకు జరగమంటారు. జగిత్యాల కొత్త బస్టాండు దాకా ఈ రెండు సిద్ధాంతాల మధ్య వాదం సాగుతూనే ఉంటుంది. ఇక సోమవారం సిరిసిల్ల వైపు బండ్లన్నీ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉన్నవాళ్లతో, మంగళవారం జగిత్యాల కరీంనగర్ దారి బండ్లు కొండగట్టు అంజన్న భక్తులతో కిటకిటలాడతాయి. అంటే వారంలో రెండు రోజుల హాజరు అక్షరాలా దేవుడి చేతిలో ఉన్నదన్నమాట.

ఫీజు = విద్యార్థి కట్టేది కాదు, ప్రభుత్వం కట్టవలసినది. 2008లో మొదలైన రీయింబర్స్‌మెంట్ పథకం. ఇందులో కాలేజీకి పోయేది ఆర్టీఎఫ్, పిల్లవాడి ఖాతాలో పడేది ఎంటీఎఫ్ అని రెండు శాఖలు. ఈపాస్‌లో దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, మీసేవ, బయోమెట్రిక్ వేలిముద్ర అనేవి దీనికి అంగాలు.

వచ్చును = ఈ క్రియారూపం మీద కవి వ్యాకరణ పాండిత్యమంతా ఆధారపడి ఉన్నది. వచ్చింది అనలేదు, వస్తుంది అని గట్టిగా కూడా అనలేదు. ఇది తద్ధర్మం. సూర్యుడు తూర్పున ఉదయించును, నీరు పల్లమెరుగును, ఫీజు వచ్చును. త్రికాలాల్లోనూ సత్యమే, ఏ తేదీకీ కట్టుబడదు. 2024 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు డిగ్రీ, పీజీ కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూసుకున్నప్పుడు ఈ తద్ధర్మానికి లోకమంతటా ప్రచారం లభించింది.

పేర్మి దలచి = ప్రేమతో తలచుకొని. స్పష్టం.

తరగతందు = తరగతి + అందు. ఇకార సంధి. సంధిలో ‘ఇ’ గైర్హాజరైనా పద్యం నిలబడింది. విద్యార్థి హాజరు 75 శాతానికి తగ్గితే మాత్రం నిలబడదు, కండొనేషన్ ఫీజు కట్టాలి. ఆ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ లేదు.

వెనుక = చివరి వరుసలో. అల్లరివాళ్లు వెనుక కూర్చుంటారనేది పట్నపు సినిమాలు చెప్పిన మాట. మా వ్యాఖ్యానం వేరు. సిరిసిల్ల పిల్లవాడు రాత్రంతా సాంచాల (మరమగ్గాల) దగ్గర ఉండి వస్తాడు. తండ్రి నాలుగు మగ్గాలు నడిపితే కొడుకు కండెలు అందిస్తాడు, తెగిన పోగు ముడేస్తాడు. పొద్దున క్లాసులో హాజరు పిలిస్తే పక్కవాడు మోచేత్తో పొడిచేదాకా పలకడు. నిద్ర ఒక కారణం, చెవుల్లో ఇంకా తగ్గని సాంచాల చప్పుడు ఇంకొకటి. అదే పీరియడులో అర్థశాస్త్రం సారు చిన్న పరిశ్రమల సమస్యలు అనే పాఠం చెబుతుంటారు. ఆ పాఠానికి ఆ గదిలో వాడికన్న పెద్ద ఆధారగ్రంథం లేదు, అదేమో నిద్రపోతున్నది. ఇటు కోరుట్ల, మెట్‌పల్లి దిక్కున అవ్వ చాట ఒడిలో పెట్టుకొని అరుగు మీద బీడీలు చుడుతుంది. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. తునికాకు కత్తిరించడం కూతురి వంతు. ముందు నోట్సు, పక్కన తడిపిన ఆకుల కట్ట, చేతిలో కత్తెర. మొదటి ప్రపంచ యుద్ధ కారణాలు ఆమెకు ఆకుల కొలతతో సహా కంఠస్థం. అమ్మాయి కనుక ముందు వరుసలోనే కూర్చుంటుంది. ‘వెనుక’ ఆమెకు వర్తించదని కవి అనుకున్నాడేమో, అక్కడ ఆయనతో మాకు ఏకాభిప్రాయం లేదు.

‘వెనుక’ అంటే గతంలో అని కూడా. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రోజుల్లో కాలేజీ పిల్లలు సెలవులకు ఇళ్లకు కాక ఊళ్లకు పోయారు. అదే అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరంవాళ్లకు హాజరు తగ్గడానికి చరిత్ర పుస్తకంలో ఎక్కే కారణం ఉన్నది. ఈ తరానికి పల్లెవెలుగు తప్పిపోవడమే ఉన్నది.

దక్కిన = దోస్త్ ద్వారా లభించిన. దోస్త్ అంటే మిత్రుడు కాదు, 2016 నుంచి నడుస్తున్న డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశ విధానం. నెట్ సెంటరు అన్న పెట్టిన వెబ్ ఆప్షన్లను బట్టి జీవితం ఉంటుంది. వాడు తొందరలో వరుస మార్చితే కోరుట్ల పిల్లకు సిరిసిల్లలో సీటు పడగలదు.

వదలకుండువాడె = ఇక్కడి ఏవకారం చాలా బరువైనది. వదిలినవాళ్లు ఉంటేనే ‘వాడె’కు అర్థం. మొదటి సెమిస్టరులో బెంచీకి నలుగురు. మూడో సెమిస్టరుకు ఒకడు దుబాయి, ఒకడు మస్కట్, ఒకడు హైదరాబాదులో డెలివరీ బండి మీద. మిగిలిన వాడికి బెంచీ విశాలమైంది. గల్ఫ్ పోయినవాడు శుక్రవారం సెలవునాడు ఫోన్ చేసి “ఏమన్న చెప్పిండ్రా సారు?” అని అడుగుతాడట. ఈ పంక్తికి ఇంతకన్న మంచి తాత్పర్యం మాకు దొరకలేదు.

పట్టధారి = పట్టాను ధరించినవాడు. ‘పట్టాదారు’ అని ఒక పాఠాంతరం. అప్పుడు కాకతీయ కాలువ కింద మూడెకరాలు, పాసుబుక్కు, రైతు భరోసా అని అన్వయించాలి. మొదటి పాదంలోని పాసుతో పొత్తు కుదురుతుంది గాని గణభంగం. పైగా బీఏ చదివేవాడికి మూడెకరాలు ఉంటే బస్సు కొరకు నిల్చేవాడు కాదు.

పూర్వపక్షం

పద్యంలో పట్టాడు, నిలిచాడు, తలచాడు, వదలలేదు. ‘చదివాడు’ అనే క్రియ ఎక్కడా లేదు గదా, ఇది విద్యార్థి పద్యం ఎట్లయింది?

సమాధానం

ప్రధానమైన దాన్ని వాచ్యం చేయకుండా ధ్వనింపజేయడమే ఉత్తమ కావ్యమని ఆనందవర్ధనుడి మతం. చదువు ఇక్కడ వ్యంగ్యం. అది పరీక్షకు ముందు రాత్రి, ఆల్ ఇన్ వన్ గైడు తెరిచినప్పుడు మాత్రమే స్ఫురిస్తుంది. మరొక సమాధానం కూడా ఉన్నది. ఆర్టీసీ, ట్రెజరీ, మరమగ్గం, బీడీ కార్ఖానా, గల్ఫ్ వలస అనే అయిదింటినీ నాలుగు పాదాల్లో ఇరికించగలిగినవాడు రాజనీతి, అర్థశాస్త్రాలు చదవలేదనడం సాహసం. ఇంటర్నల్ మార్కులు వేసేవారు దీన్ని ప్రాజెక్టు వర్కుగా పరిగణించాలని మా మనవి.

విశేషాంశాలు

అలంకారం స్వభావోక్తి. రసం విషయంలో హాస్యమని కొందరు, కరుణమని కొందరు. ఎంటీఎఫ్ ఖాతాలో పడిన రోజున వీరమని అందరూ.

పట్టా మీది ముద్ర గురించి ఒక మాట. ఈ ప్రాంతంలో తాతకు ఉస్మానియా, 1976లో కాకతీయ వచ్చింది గనుక తండ్రికి అది, 2008 నుంచి మనవడికి శాతవాహన. సిరిసిల్ల పక్క హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి, బీఏ కోసం హైదరాబాదు పోవలసి వచ్చింది. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం ఆయనదే. ఇప్పుడు పట్టా కోసం హైదరాబాదు పోయే పని లేదు, బస్సు పాసు దూరంలోకే వచ్చింది. అయితే ప్రైవేటు కాలేజీలో చదివినవాడికి బకాయి తీరేదాకా అసలు సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి. ధరించినవాడే ధారి అయితే, ఈ పద్యంలో చివరి మాట విద్యార్థికి చెందదనీ, బీరువాకే చెందుతుందనీ ఒక సూక్ష్మార్థం తేలుతున్నది. కవి హృదయం ఇదేనా అని అడుగుదామంటే కవి బెంచీలో లేడు. బస్టాండులో ఉన్నాడట.

ఇది సోమవారపు బస్సులో కిటికీ సీటు నెన్నడు నెరుగనివాడును, ద్వితీయ భాష తెలుగునందు మాత్రము ప్రథమశ్రేణి నుత్తీర్ణుడును అగు వ్యాఖ్యాత రచించిన పల్లెవెలుగను టీకయందు చివరి బెంచీ ప్రకరణము. తక్కిన బెంచీలకు వ్యాఖ్య ఫీజు వచ్చిన పిదప వెలువడును.