కాసు ఖర్చులేని నాయకత్వము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో పెండ్లి ముహూర్తములు లేని మాసములందు ఫంక్షన్ హాళ్లు వట్టిపోకుండ కాపాడుచున్న పుణ్యాత్ములలో, చిరువ్యాపారులకు నాయకత్వ లక్షణములు బోధించు ఉపన్యాసకులు అగ్రగణ్యులు. కోటు తొడిగికొని, చెవికి మైకు తగిలించుకొని, తెరపై సింహము బొమ్మయు ఎవరెస్టు శిఖరము బొమ్మయు చూపి, బియ్యపు మిల్లు యజమానిని, బీడీ కార్ఖానా ఏజెంటును, నాలుగు సాంచాల (మరమగ్గముల) ఆసామిని ఒకే వరుసలో కూర్చుండబెట్టి, మీరందరును పుట్టు నాయకులేయని ప్రకటించి, చప్పట్లు కొట్టించి, చీకటిపడక మునుపే హైదరాబాదునకు మరలిపోవుట వారి సంప్రదాయము.

1989లో స్టీఫెన్ కవీ అను అమెరికా రచయిత ఏడు అలవాట్ల గ్రంథమును ప్రకటించిన నాటినుండి సద్గుణములకు అంకెలు వేసి అమ్ముట ఒక వర్తకముగా స్థిరపడినది. మనవారు ఉదారులు గనుక ఆ యేడింటిని పదునొకటిగను, ఇరువదియొకటిగను పెంచిరి. వేకువన లేచుట, చిరునవ్వు చెదరనీయకుండుట, ఓపికతో వినుట, పనివారిని కుటుంబముగా భావించుట, దూరదృష్టి కలిగియుండుట మొదలైన ఆ గుణములలో దేనిని కాదనగలము? నాకు తోచిన వింత వేరొకటి. ఆ జాబితాను ఎన్నిమార్లు తిరుగవేసినను అందులో యజమాని గల్లాపెట్టెను తాకు గుణము ఒక్కటియు కానరాదు. కూలి గడువునకు ఇచ్చుట, తూకము సరిగా వేయుట, వ్యాపారము కుంటుపడిన నాడు నష్టములో పెద్దపాలు తానే మోయుట అనునవి ఖర్చుతో కూడిన గుణములగుటచేత కాబోలు, హాలు వెలుపల చెప్పులవద్దనే నిలిచిపోయినవి.

జగిత్యాల సంగతి చూతము. పొలాస పరిశోధన స్థానమున రూపొందిన జగిత్యాల సన్నాలు అను వరివంగడముచేత ఈ యూరిపేరు దూరదూరపు పొలములకు ప్రాకినది గనుక, ఇచటి నాయకత్వమును ధాన్యపు కాటావద్ద పరీక్షించుట న్యాయము. ధాన్యమున తేమ 17 శాతమునకు మించరాదని సేకరణ నిబంధన. కొనుగోలు కేంద్రమున తేమ చూచి, తూకము వేసి, సంచులు కుట్టి, లారీకెక్కించిన పిమ్మట, మిల్లు వాకిట మరల తాలు కలదని, తేమ ఆరలేదని, బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీసినగాని దింపనీయమని పట్టుబట్టుట రైతులు ఏటేట మొరపెట్టుకొనుచున్న వ్యవహారమే. ఓపికతో వినుట నాయకునకు భూషణమని సెలవిచ్చిన పెద్దలు ఆ ఘట్టమును చూచియుండినచో ఆనందబాష్పములు రాల్చియుందురు; ఏలయన, రైతు తన గోడునంతయు వెళ్లబోసికొనువరకు యజమాని అడ్డుతగులక, విసుగుకొనక, టీ తెప్పించి మరీ వినును. లారీ దిగక, రైతు ఇల్లు చేరక, గడియలన్నియు తన పక్షముననే గడచుచుండ, వినువానికి తొందరయేమి?

పనివారు కుటుంబసభ్యులను సూత్రమునకు కోరుట్లను మించిన నిదర్శనము లేదు. బీడీలు చేయు స్త్రీలు తమ యింటనే, తమ నేలమీదనే, తమ దీపపు వెలుగుననే, ఒడిలో చాట పెట్టుకొని, బడినుండి వచ్చిన కూతును తోడు పిలిచికొని వేయి పూర్తిచేయుదురు. కుటుంబమనగా ఇదియే కదా! కంపెనీకి షెడ్డు లేదు, కరెంటు బిల్లు లేదు. తూచి ఇచ్చిన తునికాకు వేయికి చాలనిచో తక్కువపడిన ఆకును ఆమెయే తన డబ్బుతో కొని తెచ్చుకొనును. వంకర పోయినదనియు, కొన నలిగినదనియు ఏరి పారవేసిన బీడీలు కూలి లెక్కకు రావు. ఈ ఏరివేతకు ఒక హద్దుండవలెనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టము తలపోసినదన్న వార్త ఆమెవరకు వచ్చునప్పటికి నడుము వంగిపోవును. ఆ వంగిన నడుమునకు 2015 నుండి ప్రభుత్వము నెలకు వేయిరూపాయల భృతి ఇచ్చెను. తరువాత అది 2,016 అయినది. కన్నకొడుకు పోషింపవలసిన తల్లికి ఊరివారు చందా వేయుట ఏ కుటుంబధర్మమో ఉపన్యాసకులే సెలవీయవలెను.

ఇక దూరదృష్టి. ఈ గుణమును సిరిసిల్ల ఆసామికి బోధింప సాహసించినవారి ధైర్యమునకు నమస్కరింపవలెను. నూలు పెట్టుబడి పెట్టు సేటుది, పడుగు బీములు సేటువి, గుడ్డ సేటుకే పోవును. ఆసామికి మిగిలినవి సాంచాల చప్పుడు, వాటిపై తెచ్చిన అప్పు. పనివాడు రానినాడు తానే సాంచానెదుట నిలువవలసిన ఈ నాయకుని నేనంతగా ఎగతాళి చేయజాలను. యజమానుల వరుసలో కూర్చుండబెట్టి అతనిని మోసగించినవారిని చేయుదును. 2017లో రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ చీరల పంపిణీ ఆరంభించినది. ఏటేట కోటి చీరల వంతున నేయింపబూనగా, సిరిసిల్ల సాంచాలన్నియు ఒకే కొనుగోలుదారుని ముఖము చూచుట నేర్చుకొన్నవి. 2023 చివర ప్రభుత్వము మారినది, ఆర్డరు ఆగినది, బకాయిలు పేరుకొన్నవి, మరుసటి యేడు ఆరంభమున వీధులకు వీధులే నిశ్శబ్దమైనవి. స్వయంసహాయక సంఘముల స్త్రీలకు చీరలని క్రొత్త ఆర్డరు తరువాత వచ్చినది, నిజమే. నడుమనున్న నెలలను ఎవరు మోసిరి? ప్రభుత్వము బిల్లు ఇయ్యలేదని సేటు ఆసామికి చెప్పెను, సేటు ఇయ్యలేదని ఆసామి కార్మికునికి చెప్పెను, కార్మికునికి చెప్పుకొనుటకు కిరాణా దుకాణమువాడు తప్ప క్రింద మరెవ్వరును లేకపోయిరి. ఒకనాడు వరుస ఆత్మహత్యలచేత ఉరిసిల్ల అని పిలువబడిన ఊరిలో, మీకు దూరదృష్టి కొరవడినదని చెప్పుటకు నోరెట్లు వచ్చునో నాకు తెలియదు.

పరదేశపు కథలు లేనిదే ఉపన్యాసము రక్తికట్టదు గనుక వారికొక కథ నేనే అందించుచున్నాను. స్కాట్లండులో న్యూ లానార్కు నూలు మిల్లులను 1800లో చేపట్టిన రాబర్టు ఓవెను, 1806 ప్రాంతమున అమెరికా పత్తి ఎగుమతి ఆపుటచే యంత్రములు నిలిచిపోగా, పనివారిని పొమ్మనక, యంత్రములను శుభ్రముగా నుంచుటయే పనిగా నాలుగు మాసములు పూర్తి వేతనమిచ్చెను. ఏడువేల పౌనులకు పైబడినదట ఆ ఖర్చు. అంతవరకు ఆయనను నమ్మని కార్మికులు ఆ పిమ్మట నమ్మిరి. మన వక్త చేతబడినచో ఈ కథ సానుభూతి అను శీర్షికక్రింద మూడు నిమిషములలో ముగియుననియు, ఏడువేల పౌనులు మాత్రము తెరపైకి రావనియు నేను పందెము కట్టుదును. అంతదూర మేల? పూర్వపు కరీంనగర్ జిల్లాలోనే ముల్కనూరున ఏ.కె. విశ్వనాథరెడ్డి 1956లో నెలకొల్పిన సహకార సంఘము నేటికిని నడచుచున్నది. అచట లెక్కలు సభ్యుల యెదుట చదువబడును, మిగులులో సభ్యునకు పాలు కలదు. సింహము బొమ్మ లేని కారణమున కాబోలు, బోధకు లటు తొంగిచూడరు.

ఈ బోధను నిషేధింపుమని నేను కోరుటలేదు. బోధకుని శుల్కమును శ్రోతల వాడుక ననుసరించి చెల్లింపుమని మాత్రము నిర్వాహకులకు విన్నవించుచున్నాను. జగిత్యాలలో ఉపన్యాసము ముగిసిన పిమ్మట తాలుమాటలెన్నో చూచి గంటకు ఇన్ని నిమిషములు తరుగు తీయవలెను. అతడు మొరపెట్టుకొన్నచో టీ తెప్పించి ఓపికతో వినవలెను. కోరుట్లలో హాలు ఇయ్యక, వేయి సూక్తులు ఇంటివద్దనే చుట్టుకొని తెమ్మని, తక్కువపడిన ముడిసరకు సొంతముగా కొనుక్కొమ్మని, వంకరపోయినవి ఏరివేసి మిగిలినవాటికే లెక్క కట్టవలెను. సిరిసిల్లలో మీటరు చొప్పున బేరమాడి, సరకంతయు ముట్టిన తరువాత, గల్లాపెట్టెమీద మోచేయి ఆనించి సేటు చెప్పు మాటనే చెప్పవలెను: "బిల్లు ఇంకా రాలే సారూ. బతుకమ్మ పండుగకు చూద్దాం తీ."