సౌండు బావ

సౌండు బావ సినిమా చూద్దాం రమ్మంటే వెళ్లకూడదని మా చుట్టాలందరికీ తెలుసు. అయినా వెళ్తాం. అక్క పునుగులు వేస్తుంది.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు వాళ్లది. ఇలాంటి బావ ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకడుంటాడు. ఎవరో తెలియాలంటే కింది ఫ్లాటువాళ్లని అడగాలి. హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి, సోఫా వెనక రెండు స్పీకర్లు, మూలన కాలు పెట్టే చోటు లేకుండా సబ్‌వూఫరు. టీవీ కింద నడిమధ్యన మాత్రం ఖాళీ. అక్కడికి రావలసిన సెంటర్ స్పీకరు కోసమే బావ వెతుకులాటంతా. పెళ్లిచూపులకి కూడా ఈయన ఇన్ని గుమ్మాలు ఎక్కలేదంటుంది అక్క.

బావ బాధలో న్యాయం లేకపోలేదు. 5.1 సౌండులో పాత్రల మాటలు చాలావరకు మధ్య స్పీకరుకే వస్తాయి. సినిమా హాల్లో అది తెర వెనకాల ఉంటుంది. మాట బయటికి రావడానికి తెరకి సన్నటి చిల్లులుంటాయి. క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఏ సినిమాకెళ్లినా ఇంటర్వెల్లో జనం సమోసాల వైపు నడుస్తారు, బావ చిల్లులు చూడ్డానికి తెర వైపు నడుస్తాడు. ఇంట్లోనేమో సుమోలు గాల్లోకి లేస్తే అద్దాలు అదురుతాయి, హీరో గొంతు మాత్రం పక్కింట్లోంచి వచ్చినట్టుంటుంది.

"ఏమండీ, ఆ పిల్లతో ఏమన్నాడు?"

"అదలా ఉంచు, వెనకాల వాన పడుతోంది, విన్నావా?"

బడ్జెట్టు పదివేలు. ఆ మాట మీద ఆయన హరిశ్చంద్రుడు. వైరు, బనానా ప్లగ్గులు, స్టాండ్లు అందులోకి రావు, అవి 'ఎలాగూ కావలసినవే'. మధ్య స్పీకరు ముందు రెండింటి సిరీస్‌దే అయ్యుండాలి, లేకపోతే పాత్ర అటునుంచి ఇటు నడిచేసరికి గొంతు మారిపోతుంది. మాట నిజమే. కానీ ఆయన దగ్గరున్న జతను కంపెనీ ఎప్పుడో ఆపేసింది. కాబట్టి ముప్పైవేలు పెట్టి ముందు జత మార్చేస్తే, పదివేల సెంటర్ దానికి సరిగ్గా సరిపోతుందట. దీన్ని ఆయన పొదుపు అంటాడు.

వీలైన శనివారమల్లా కోఠిలో గుజరాతీ గల్లీ. పుచ్చకాయను తట్టినట్టు ప్రతి డబ్బానీ వేలితో తట్టి చెవి ఆనిస్తాడు. అట్టపెట్టె మీది వాట్లు చూసి మురిసిపోయేవాళ్లంటే ఆయనకి జాలి. వాట్లు స్పీకరు ఎంత తట్టుకుంటుందో చెబుతాయి గానీ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవని, మూడు డెసిబెల్స్ తక్కువ పలికే స్పీకరుకి ఆంప్లిఫయరు రెట్టింపు పవరు పొయ్యాలని, కొనడానికొచ్చిన తక్కినవాళ్లకి పాఠం చెబుతాడు. వాళ్లు కొనకుండా వెళ్లిపోతారు. ఒకసారి షాపాయనే చేతులు జోడించాడు: "సార్, కొనేదుంటే కొనుండ్రి, లేకుంటే నేను షట్టర్ గుంజుత."

నచ్చినది దొరికినా చిక్కే. అడ్డంగా పడుకునే సెంటర్లలో చాలావాటికి మధ్యన ట్వీటరు, చెరో పక్క ఒక వూఫరు. పక్కకి కూర్చున్నవాళ్లకి ఆ రెంటి శబ్దాలూ కాస్త ముందూ వెనకా చేరి, కొంత మేర ఒకదాన్నొకటి మింగేస్తాయి, మాట పలచబడుతుంది. ఇది మా అమ్మకి ఓపిగ్గా వివరించాడు: "అందుకే అత్తయ్యా, మీరు సోఫా చివర కూర్చోకూడదు."

"నాకా చెవి ఎలాగూ వినపడదులే నాయనా," అంది అమ్మ.

అసలు సంగతి మొన్న దసరాకి బయటపడింది. ఇంటర్ చదివే మేనకోడలు, స్పీకర్లకి సౌండు పంచే రిసీవరు మెనూ తెరిచి, "నాన్నా, ఇక్కడ సెంటర్ ఉన్నట్టు పెట్టావేంటి?" అంది. రేపోమాపో కొంటాం కదా అని బావే అలా పెట్టుంచాడు. పాపం ఆ యంత్రం, లేని స్పీకరుకి ఇన్నాళ్లూ మాటలన్నీ నమ్మకంగా పంపుతూనే ఉంది. పిల్ల మెనూలో సెంటర్‌ని 'నన్' (లేదు) చేసింది. మాటలు రెండు పక్కల స్పీకర్లకీ సమంగా చేరి, తెర మధ్యలోంచి వస్తున్నట్టే పలికాయి. హీరోకి తల్లి ఎవరో ఆ రోజు అక్కకి మొదటిసారి తెలిసింది.

బావ మొహం మాత్రం వాడిపోయింది. "ఇది దొంగ సెంటరు. నడిమధ్యన కూర్చున్నవాడికే పనిచేస్తుంది. పక్కకి జరిగితే మాట కూడా అటే జారిపోతుంది," అన్నాడు. అదీ నిజమే. ఈ మనిషితో వచ్చిన చిక్కే అది, ఒక్క అబద్ధం చెప్పడు. మళ్లీ శనివారం కోఠి వెళ్లాడు.

మీ ఇంట్లోనూ మాటలు వినపడకపోతే ముందు ఆ మెనూ చూడండి. అయినా కొనాల్సి వస్తే, షాపులో ఫైట్లు పెట్టించుకోకండి. ఇద్దరు గుసగుసలాడే సీను పెట్టించి, కుర్చీ పక్కకి లాక్కుని వినండి. ఇంటికి తెచ్చాక అరలో లోపలికి తొయ్యకుండా అంచుదాకా లాగి, మూతి మీ చెవుల వైపు ఎత్తి పెట్టండి. సలహాకి మా బావని మాత్రం పిలవకండి; వచ్చేస్తాడు.